బెయాత్రీచె తల తీయించింది అనుమానమా, కట్నమా? విస్కోంతి ఇంటి కోడళ్ళ మీద చర్చ

స్వర్ణముఖి

1418 సెప్టెంబరు 13న, మిలాన్‌కి దక్షిణాన ఉన్న బినాస్కో కోటలో డ్యూక్ ఫిలిప్పో మారియా విస్కోంతి తన భార్య బెయాత్రీచె తల నరికించాడు. మోపిన నేరం వ్యభిచారం. ప్రియుడని చెప్పి మికేలె ఒరొంబెల్లి అనే కుర్రాణ్ణి కూడా చంపారు. అతను కొలువులో వీణలాంటి వాద్యం వాయించేవాడు, బెయాత్రీచె దగ్గర కూర్చుని పాటలు వినిపించేవాడు. చిత్రహింసలకి అతను ఒప్పేసుకున్నాడు. అవే హింసలు పెట్టినా ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు.

ఇది పరువు కోసం జరిగిన హత్య కాదనీ, ఆస్తి లెక్క అనీ నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెబుతాను.

1412 మే 16న రెండు చావులు ఒకేరోజు జరిగాయి. ఫిలిప్పో అన్న, అప్పటి డ్యూక్ జొవాన్ని మారియాని మిలాన్‌లో చర్చి దగ్గర కుట్రదారులు పొడిచి చంపారు. అదే రోజు పావియాలో ఫచీనో కానె జబ్బుతో పోయాడు. ఈ ఫచీనో కిరాయి సైన్యాల నాయకుడు. అసలు అధికారమంతా అతని చేతిలోనే ఉండేది. అతని భార్యే బెయాత్రీచె. ఫిలిప్పోకి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. పేరుకి వారసుడే గానీ ఖజానాలో డబ్బు లేదు, వెనక సైన్యం లేదు, మిలాన్ నగరం కూడా అతని చేతిలో లేదు. కొద్ది వారాల్లోనే తనకంటే ఇరవై ఏళ్ళు పెద్దదైన ఆ వితంతువుని పెళ్ళాడాడు. ఆమెతో పాటు ఫచీనో సైనికులు వచ్చారు, అలెస్సాంద్రియా, తొర్తోనా, నొవారా లాంటి పట్టణాలు వచ్చాయి, 4 లక్షల డ్యూకాట్లని చెప్పుకునే బంగారం వచ్చింది. ఆ సైన్యంతోనే జూన్‌లో మిలాన్‌లోకి అడుగుపెట్టాడు.

ఆరేళ్ళ తర్వాత ఆమెని చంపించాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. మీరేమంటారు?

పాతకోట

స్వర్ణముఖి గారూ, బెయాత్రీచె మీద మీకున్న జాలి నాకూ ఉంది. కానీ "ఆస్తి కోసం" అన్న మాటే నాకు కుదరడం లేదు.

1418 నాటికి ఆమె ఆస్తి ఆమె చేతిలో ఉందా? లేదు కదా. సైన్యాన్ని నడిపేది కార్మాన్యోలా. అతనూ ఫచీనో దగ్గర పైకొచ్చినవాడే, కానీ అప్పటికి పూర్తిగా డ్యూక్ మనిషి. లొంబార్దీలో చేజారిన ఊళ్ళన్నీ ఒక్కొక్కటిగా తిరిగి గెలిచి పెడుతున్నాడు. బంగారం ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది. పైగా ఆ పట్టణాలు ఫచీనో తాతముత్తాతలవి కావు. 1402లో పెద్ద డ్యూక్ జాన్ గలెయాత్సో చనిపోయాక రాజ్యం ముక్కలైతే, ఫచీనో లాంటి సేనానులు తలో ముక్కా లాక్కున్నారు. ఫిలిప్పో దృష్టిలో అవి తన తండ్రివే, తిరిగి తన ఇంటికే వచ్చాయి. చేతికి వచ్చేసినదాని కోసం మళ్ళీ హత్య ఎందుకు?

ఇంకోటి. వారసుడి కోసం కూడా కాదు. అందుకే అయితే వెంటనే ఇంకో పెళ్ళి చేసుకునేవాడు. పక్క రాజ్యం సవోయ్ డ్యూక్ కూతురు మరియాని చేసుకున్నది దాదాపు తొమ్మిది, పదేళ్ళ తర్వాత. అదీ యుద్ధంలో ఊపిరి ఆడక సవోయ్‌తో సంధి చేసుకుంటూ. ఆ సంధిలో కట్నం పుచ్చుకోవడం అటుంచి, వెర్చెల్లి పట్టణాన్ని తనే మామగారికి వదులుకున్నాడు.

ఫిలిప్పో మనస్తత్వం చూడండి. అతని దగ్గర కార్యదర్శిగా పనిచేసిన పియెర్ కాందిదో దెచెంబ్రియో రాసిపెట్టాడు. ఉరుము వినబడితే వణికిపోయేవాడట, ఆ చప్పుడు రాకుండా రెండు గోడలతో గది కట్టించుకున్నాడట. రాత్రి ఒకే మంచం మీద పడుకోకుండా మారుతూ ఉండేవాడట. జ్యోతిష్కుణ్ణి అడక్కుండా అడుగు వేసేవాడు కాదు. అన్నని పొడిచి చంపారని తెలిసిన క్షణం నుంచీ ప్రాణభయంతో బతికిన మనిషి. అలాంటివాడి చెవిలో ఎవరో ఒక మాట వేస్తే చాలదా? నా ఉద్దేశంలో అతను నిజంగానే నమ్మాడు. నమ్మాడంటే ఆమె తప్పు చేసిందని కాదు.

ప్లీడరు_గుంటూరు

పాతకోట గారి వాదనలో ఒక చట్టం విషయం వదిలేశారు. నేను ముప్ఫై ఏళ్ళుగా కుటుంబ కేసులు చూస్తున్నాను, అందుకే నాకు ముందు అక్కడే కన్ను పడింది.

అప్పటి ఇటలీలో కట్నం వ్యవహారం రోమన్ న్యాయశాస్త్రం ప్రకారం నడిచేది. కట్నాన్ని మొగుడు వాడుకోవచ్చు, దాని మీద రాబడి తినొచ్చు. కానీ పెళ్ళి రద్దయితే భార్యకి గానీ, ఆమె వాళ్ళకి గానీ తిరిగి ఇచ్చేయాలి. ఖర్చైపోయింది అంటే కుదరదు, అది అప్పుగా నిలబడుతుంది. ఒక్క వ్యభిచారం రుజువైతే మాత్రం భార్య కట్నం మీద హక్కు పోగొట్టుకుంటుంది.

కాబట్టి ఆస్తి అప్పటికే చేతికొచ్చింది గనక ఆస్తి కారణం కాదనడానికి వీల్లేదు. చేతికి రావడం వేరు, తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత తీరడం వేరు. పిల్లలు లేరు, పెళ్ళి చెల్లదని చర్చిలో తేల్చుకుని వదిలించుకుందామంటే లెక్క చెప్పాలి. ఈ నేరం మోపితే లెక్క చెప్పే పని ఉండదు. ఫిలిప్పో మనసులో ఏముందో ఎవరం చెప్పలేం గానీ, ఎంచుకున్న నేరం మాత్రం అతనికి అన్ని విధాలా కలిసొచ్చేదే.

ఒప్పుకోలు సంగతి: హింస పెట్టి రాబట్టిన మాటకి నేను పైసా విలువ ఇవ్వను. ఒరొంబెల్లి ఒప్పుకోవడం ఆమెకి వ్యతిరేకంగా సాక్ష్యం కాదు. అదే హింసకి ఆమె ఒప్పుకోకపోవడం మాత్రం ఆమె పక్షాన ఎంతో కొంత సాక్ష్యమే.

మొయినాబాద్_కుర్రాడు

ఒక డౌట్ అన్నా. రాజకుటుంబాల్లో ఇలా భార్యల్ని చంపడం అప్పట్లో మామూలేనా, లేక ఇదొక్కటేనా?

స్వర్ణముఖి

తమ్ముడూ, ఇదొక్కటే కాదు. ముందొకటి, తర్వాతొకటి ఉన్నాయి.

1391 ఫిబ్రవరిలో మాంతువాలో ఫ్రాంచెస్కో గొంజాగా తన భార్య ఆగ్నెసె విస్కోంతికి ఇదే నేరం మీద శిరచ్ఛేదం చేయించాడు. ప్రియుడన్నవాణ్ణి ఉరి తీశారు. ఈ ఆగ్నెసె ఎవరో కాదు, మిలాన్‌ని పాలించిన బెర్నబో విస్కోంతి కూతురు. బెర్నబోని 1385లో సొంత అన్న కొడుకు జాన్ గలెయాత్సోనే వలపన్ని పట్టుకున్నాడు. తీర్థయాత్రకి వెళ్తున్నానని కబురు పంపి, పెద్ద పరివారంతో వచ్చి, ఎదురొచ్చిన బాబాయిని బంధించాడు. ఆ ఏడాది చివరికే బెర్నబో చెరలో చనిపోయాడు. ఆ తర్వాత ఆగ్నెసెకి పుట్టిల్లు అనేదే మిగల్లేదు.

1425లో ఫెర్రారాలో నికోలో ద ఎస్తె తన భార్య పరిసీనా మలతెస్తాని చంపించాడు. ఆమె తండ్రి అప్పటికి తొమ్మిదేళ్ళ క్రితమే పోయాడు.

బెయాత్రీచెదీ అదే పరిస్థితి. ఎక్కడో కొండల్లోని తెండా కుటుంబం ఆమెదని చెబుతారు. మిలాన్ డ్యూక్‌ని "మా పిల్లని ఏం చేశావురా" అని నిలదీసే తండ్రి గానీ అన్నదమ్ములు గానీ ఆమెకి లేరు. వీళ్ళ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ముందు కనిపించేది పుట్టింటి అండ లేకపోవడం.

పాతకోట

పరిసీనాని ఈ జాబితాలో కలపకండి. అక్కడ ప్రియుడు ఊగో నికోలోకి సొంత కొడుకు, పెళ్ళికి బయట పుట్టినవాడు. తండ్రికి ఇష్టమైన కొడుకు. అతని తల కూడా తీయించాడు. దాంతో నికోలోకి కలిసొచ్చిందేమిటి? కొడుకు పోయాడు, పరువు పోయింది. అది కోపంతో చేసిన పనే.

పుట్టింటి అండ అన్న మాటకి కూడా ఎదురుగా ఒక మనిషి ఉంది. కతెరీనా, ఫిలిప్పో కన్నతల్లి. ఆమె కూడా బెర్నబో కూతురే, ఆగ్నెసెకి తోబుట్టువు. 1380లో జాన్ గలెయాత్సోని పెళ్ళాడింది. వాళ్ళిద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. మన వరసలో అన్నాచెల్లెళ్ళు అవుతారు, చర్చి లెక్కలోనూ దగ్గరి రక్తమే, పోప్ అనుమతి కావాల్సి వచ్చింది. ఐదేళ్ళకి మొగుడే ఆమె తండ్రిని చెరలో వేసి, అన్నదమ్ముల్ని దిక్కులేనివాళ్ళని చేశాడు. అంతకంటే అండ లేకపోవడం ఇంకేముంటుంది? అయినా ఆమెని చంపలేదు, పంపలేదు. ఆ తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు. చనిపోయేటప్పుడు పిల్లల తరఫున రాజ్యం చూసే బాధ్యతలో ఆమెనే పెట్టిపోయాడు.

నీలాంబరి

కతెరీనా పేరు వచ్చింది కాబట్టి మిగతా కథ కూడా చెప్పాలి. 1402 సెప్టెంబరులో భర్త పోయాడు. రెండేళ్ళలో రాజ్యం చెయ్యి జారింది, 1404లో ఆమెని మోంజా కోటలో బంధించారు, అక్టోబరులో అక్కడే చనిపోయింది. విషం పెట్టారని కొందరు, ప్లేగు అని కొందరు. అప్పుడు ఫిలిప్పోకి పన్నెండేళ్ళు. తల్లికి అలా జరగడం చూసిన కుర్రాడు పెద్దయ్యాక భార్య అధికారాన్ని ఎలా చూసి ఉంటాడో ఆలోచించండి.

నాకు ఇంకో బాధ ఉంది. మనం వీళ్ళని వాళ్ళ చావుల నుంచే గుర్తుపెట్టుకుంటున్నాం. బతికినంత కాలం ఏం చేశారు అన్నది కూడా మాట్లాడాలి. నేను రెజీనా దెల్లా స్కాలా గురించి చెప్పకుండా ఉండలేను.

వెరోనా పాలకుడు మస్తీనో కూతురు. 1350లో బెర్నబోని పెళ్ళాడింది. బెర్నబో ఎంత క్రూరుడంటే జనం అతని పేరెత్తడానికి భయపడేవారు. అతని దగ్గర నోరు విప్పి మాట్లాడి, శిక్ష తగ్గించమని అడగగలిగింది రెజీనా ఒక్కతే అని అంటారు. పదిహేను మందికి తక్కువ కాకుండా పిల్లల్ని కన్నది. ఆ కూతుళ్ళకి చేసిన సంబంధాలు చూడండి: వెర్దె ఆస్ట్రియా డ్యూక్‌కి, తద్దేయా బవేరియా డ్యూక్‌కి, వలెంతీనా సైప్రస్ రాజుకి. తద్దేయా కూతురే తర్వాత ఫ్రాన్స్ రాణి ఇసబో అయింది. సగం యూరప్ ఆ ఇంటికి వియ్యంకులే.

1375లో ఆమె తమ్ముడు కన్సిన్యోరియో చనిపోతూ వెరోనాని తన ఇద్దరు పెళ్ళి బయటి కొడుకులకి ఇచ్చిపోయాడు. నేను ఉండగా వాళ్ళకెలా వస్తుందని రెజీనా హక్కు అడిగింది. భర్తని యుద్ధానికి దింపింది. వెరోనా రాలేదు గానీ సంధిలో వాళ్ళు పెద్ద మొత్తం కట్టాల్సి వచ్చింది. అంటే పుట్టిల్లు ఆమెకి అండ మాత్రమే కాదు, హక్కుగా అడిగి తెచ్చుకునే ఆస్తి కూడా.

మిలాన్‌లో ఆమె కోరిక మీద 1381 నుంచి ఒక చర్చి కట్టారు, సాంతా మరియా అల్లా స్కాలా. ఆమె ఇంటిపేరే దానికి వచ్చింది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత దాన్ని పడగొట్టి ఆ స్థలంలో 1778లో తెరిచిన సంగీత నాటకశాలే ఇవాళ ప్రపంచమంతా పిలిచే లా స్కాలా. బెర్నబో పేరు మీద అంత ప్రసిద్ధమైనది ఒక్కటీ లేదు.

1384 జూన్‌లో ఆమె పోయింది. తర్వాతి ఏడాది మేలో బెర్నబో వలలో పడ్డాడు. రెజీనా ఉండి ఉంటే ఆ తీర్థయాత్ర నాటకాన్ని నమ్మనిచ్చేది కాదని నా అభిప్రాయం.

మొయినాబాద్_కుర్రాడు

మరి కట్నం ఎప్పుడూ అమ్మాయి వైపు నుంచేనా? ఫ్రాన్స్ రాజు కూతుర్ని డబ్బిచ్చి తెచ్చుకున్నారని ఎక్కడో చదివాను.

ప్లీడరు_గుంటూరు

అవును బాబూ, అది ఇసబెల్ సంగతి. ఫ్రాన్స్ రాజు జాన్ 1356లో పువాతియే యుద్ధంలో ఇంగ్లీషు వాళ్ళకి దొరికిపోయాడు. 1360 ఒప్పందంలో విడుదలకి 30 లక్షల బంగారు ఎక్యూలు అడిగారు. ఆ డబ్బు కోసం వెతుకుతుంటే విస్కోంతిలు ముందుకొచ్చి పెద్ద మొత్తం ఇచ్చారు. బదులుగా పన్నెండేళ్ళ రాకుమార్తెని తొమ్మిదేళ్ళు నిండబోతున్న జాన్ గలెయాత్సోకి చేసుకున్నారు. ఆ పిల్లతో పాటు షాంపేన్‌లోని వెర్తూ జాగీరు కూడా వచ్చింది. డబ్బు జనం మీద పన్నులేసి రాబట్టారు.

ఇసబెల్ 1372లో కాన్పు కష్టమై చనిపోయింది. ఆమె పిల్లల్లో చివరికి మిగిలింది ఒక్క కూతురు వలెంతీనా. ఆమెని ఫ్రాన్స్‌లో ఓర్లెయాన్ డ్యూక్‌కి ఇచ్చారు. ఆ పెళ్ళి పత్రాల ఆధారంగానే ఆమె మనవడు, ఫ్రాన్స్ రాజు పన్నెండో లూయీ, 1499లో మిలాన్ నాదేనంటూ సైన్యంతో వచ్చి ఆక్రమించాడు. పెళ్ళి ఒప్పందంలో రాసిన ఒక్క వాక్యం నూరేళ్ళ తర్వాత కూడా చెల్లుతుంది. ఆ వాక్యం సంగతి ఫిలిప్పోకి తెలియకుండా ఉంటుందా? తన సొంత సవతి అక్క కేసే అది. బెయాత్రీచె బతికి ఉన్నంత కాలం కట్నం మీద ఏదో ఒక రోజు ఎవరో ఒకరు దావా వేస్తారన్న టెన్షన్ అతనికి లేదంటే నేను నమ్మను.

పాతకోట

ప్లీడరు గారి చట్టం పాయింటు బలమైనదే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. మరియాతో కాపురం చేయకుండానే ఆమెని ఏళ్ళ తరబడి పక్కన పెట్టగలిగినవాడు, బెయాత్రీచెని కూడా ఏ కాన్వెంటులోనో పెట్టొచ్చు కదా? చంపించడంలో భయం కనిపిస్తోంది, లెక్క కాదు.

స్వర్ణముఖి

మరియా తండ్రి సవోయ్ డ్యూక్ అండీ. ఆమెకి ఏమైనా అయితే పక్క రాజ్యం సైన్యం సరిహద్దు దాటుతుంది. అందుకే ఆమె ప్రాణాలతో మిగిలింది. కతెరీనా విషయంలో మాత్రం మీరు చెప్పింది నిజం, ఆమెని పుట్టిల్లు కాపాడలేదు, కన్న కొడుకులు కాపాడారు. అదీ భర్త ఉన్నంత వరకే. బెయాత్రీచెకి పుట్టిల్లూ లేదు, కడుపు పంటా లేదు. ఆమెకి ఉన్న బలమల్లా ఫచీనో సైనికుల విశ్వాసం. అది కార్మాన్యోలా వైపు తిరిగిన రోజునే ఆమెకి రక్షణ పోయింది.

భయం అంటున్నారు. భయం ఉంటే ఉండొచ్చు. కానీ ఉరుముకి వణికినవాడు ఉరుముని ఏమీ చేయలేకపోయాడు, బెయాత్రీచెని చేయగలిగాడు.

నీలాంబరి

ఫిలిప్పో సంతానంలో బతికి బట్టకట్టింది బియాంకా మారియా ఒక్కతే, అతను ఉంచుకున్న ఆగ్నెసె దెల్ మాయ్నో కూతురు. 1441లో క్రెమోనాలో ఫ్రాంచెస్కో స్ఫోర్జా అనే సేనానికి ఆమెనిచ్చి పెళ్ళి చేశాడు, క్రెమోనానే కట్నంగా ఇచ్చాడు. ఈసారి కట్నం తీసుకున్నది సేనాని, ఇచ్చింది డ్యూక్. 1448లో వెనీస్ పడవలు క్రెమోనా మీదికి వస్తే భర్త ఊళ్ళో లేడు. బియాంకా మారియా తనే దగ్గరుండి ఊరిని కాపాడుకుంది. రెండేళ్ళకి స్ఫోర్జా మిలాన్ డ్యూక్ అయ్యాడు. విస్కోంతి రక్తం అతనిలో చుక్క కూడా లేదు, ఉన్నది ఆమెలో. ఆమె మీద వ్యభిచారం నేరం మోపే ధైర్యం అతనికి ఎక్కడిది?