నాగజెముడులో నీలం పురుగులు: మందు కొట్టాలా, వద్దా?

టాంపా తోట: ఫ్లోరిడాలో మా పెరటి నాగజెముడు మట్టలు పసుపు తిరిగి, పచ్చటి జిగురు కారుతోంది. కోసి చూస్తే లోపలంతా గుల్ల, ముదురు నీలం రంగు పురుగులు. పక్కింటివాళ్లు అర్జెంటీనా పురుగు అంటున్నారు, మొక్కలన్నీ పీకేయమంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

రమణి గారి పెరడు: పీకకండి, మందూ కొట్టకండి! నీలం అంటే మెలిటారా అనే చిమ్మట పిల్లపురుగు. ఇక్కడి పురుగే, నాగజెముడు మీదే బతుకుతుంది. నాలుగు మట్టలు పోతాయి, మొక్క మళ్లీ చిగురిస్తుంది. మా ఇంట్లో అలాగే తేరుకుంది. అర్జెంటీనాది కాక్టోబ్లాస్టిస్ అనే ఇంకో చిమ్మట. అది ఎదిగాక నారింజ రంగులో ఉండి, ఒంటినిండా నల్లమచ్చలుంటాయి. రెక్కలొచ్చాక రెండూ బూడిద రంగే, చూసి పోల్చుకోవడం చాలా కష్టం. అందుకే మట్ట కోసి చూడాలి.

టూవూంబా అన్న: ఆస్ట్రేలియాలో మా క్వీన్స్‌లాండ్‌లో ఆ నారింజ పురుగు దేవుడే. మా దగ్గర, పక్క రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో కలిపి నాగజెముడు సుమారు 2.4 కోట్ల హెక్టార్లు ఆక్రమిస్తే, 1925లో అర్జెంటీనా నుంచి గుడ్లు తెప్పించి, పెంచి, 1926 నుంచి వదిలారు. కొన్నేళ్లలోనే పొలాలు తేలాయి. బూనార్గా ఊళ్లో దాని పేరున హాలు కూడా కట్టారు.

రమణి గారి పెరడు: అన్నా, మీ దగ్గర నాగజెముడు బయటి మొక్క. ఇక్కడ అది సొంత మొక్క. 1989లో ఫ్లోరిడా కీస్ దీవుల్లో ఈ పురుగు కనిపించినప్పటి నుంచి, అక్కడ మాత్రమే పెరిగే అరుదైన జెముడుకు కూడా ముప్పు వచ్చింది. మెక్సికోలో ఈ మట్టలు కూర వండుకుంటారు. 2006లో ఇస్లా ముహేరెస్ దీవిలో పురుగు దొరికితే, పురుగు పట్టిన మట్టలు కోసి నాశనం చేసి, సంతానం కలగకుండా చేసిన పురుగులను వదిలి 2009కల్లా నిర్మూలించారు. ఆ పట్టుదల చూస్తే నాకు ఎంతో గౌరవం.

అనంతపురం వాసి: మన దక్షిణాదిలో నాగజెముడును అణిచింది ఇవి కాదండీ. మట్టల మీద తెల్లటి దూదిలా పట్టే కొచినీల్ పురుగులు.

టాంపా తోట: అందరికీ థాంక్స్. ఇంకో మొక్క కోస్తే అందులో నారింజవే ఉన్నాయి! ముల్లులా అంటుకున్న పుల్ల కూడా ఉంది.

రమణి గారి పెరడు: ఆ పుల్ల గుడ్ల దొంతర, ఒక్కోదానిలో సుమారు డెబ్బై ఉంటాయి. నారింజవి ఉన్న మట్టలు, పుల్లలు సంచిలో వేసి గట్టిగా మూసేయండి. నీలం వాటిని వదిలేయండి. ఫోటోలు మీ కౌంటీ వ్యవసాయ విస్తరణ ఆఫీసుకు పంపండి.