‘యొబెక్’కు తెలుగు మాట, పోతన పద్యంలో ఒక దీర్ఘం

సోల్‌వాసి: కొరియా చిత్రకారుడు లీ ఊఫాన్ చిత్రాల మీద వ్యాసం రాస్తూ ‘యొబెక్’ అనే కొరియా మాటకు తెలుగు దొరక్క ఆగిపోయాను. 1970ల్లో వేసిన ‘గీత నుంచి’ వరసలో కుంచెకు నీలిరంగు పట్టించి పైనుంచి కిందికి లాగుతాడు. రంగు పలచబడి, గీరుకుపోయి, చివరికి వట్టి బట్ట మిగులుతుంది. ఆ మిగిలినదే యొబెక్. శూన్యం అనొచ్చా? రెండు రోజులుగా పోతన నోట్లో తిరుగుతున్నాడు: “తుది నాలోకంబగు పెంజీకటి…” చీకటినే ఆలోకం, అంటే వెలుగు అన్నాడు కదా?

పాతపలక: ‘నా’ కాదు, ‘న’. అలోకం. లోకాలన్నీ పోయాక మిగిలిన లోకం కానిది.

తుమ్మెద: మా నాన్న దీర్ఘంతోనే చదివేవారు. పెంజీకటే వెలుగు! ఎంత బాగుంది.

పాతపలక: నాన్నగారికి దండం, కానీ కందపద్యం ఛందస్సు ఒప్పుకోదు. ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి, అంటే నాలుగు మాత్రలు. ‘న తుది న’ నలం. దీర్ఘమిస్తే ఐదు మాత్రలు. పైగా వెలుగు చీకటికి ‘అవ్వల’ ఉందని ఆ పద్యంలో పోతనే చెప్పాడు.

హంజాపిచ్చి: శూన్యం వద్దు. దానికి బౌద్ధుల ‘గోంగ్’ వేరే ఉంది. ‘యొ’ మిగలడం, ‘బెక్’ తెలుపు. నోటుపుస్తకం మార్జిన్‌నీ యొబెక్కే అంటారు. నన్నడిగితే ‘పూర్ణమేవావశిష్యతే’ (పూర్ణమే మిగులుతుంది) అన్నదాంట్లోని ‘శేషం’ అనండి.

పాతపలక: కుండలోని ఖాళీయే పనికొచ్చేదన్న లావోజు పక్కనే ఉండగా ఉపనిషత్తు దాకా ఎందుకండీ? అయినా లీ 1956లోనే జపాన్ వెళ్లిపోయాడు. అక్కడ దీన్నే ‘యోహకు’ అంటారు. కొరియా మాటని ఎలా అంటాం?

హంజాపిచ్చి: అక్షరాలు చైనావి, వాడకం ఎవరిది వారిదే. శూన్యం మనదా, కన్నడిగులదా? నోటుపుస్తకం అంటే గుర్తొచ్చింది, ఇంకో కొరియా చిత్రకారుడు పార్క్ సొబో 1967లో మొదలుపెట్టిన ‘మ్యోబొప్’ చిత్రాల వరస కూడా అందులోంచే వచ్చింది. గడుల్లో అక్షరం ఇమడక పిల్లాడు విసిగిపోయి పెన్సిల్‌తో గీకేస్తుంటే చూశాడట. ఆయనా ఆరని తెల్లరంగులో పెన్సిల్ గీతలు గీస్తూ పోయాడు. నాకు లీ కన్నా ఆయనే ఇష్టం.

తుమ్మెద: ‘బయలు’ అనండి, అచ్చతెలుగు.

సోల్‌వాసి: మా ఊళ్లో బయలుకెళ్లడమంటే చెంబు పట్టుకెళ్లడం. వ్యాసంలో యొబెక్ అనే ఉంచేశాను.

తుమ్మెద: సరే గానీ, ఆ పద్యంలోనే ‘ఏకాకృతి’ ఉంది కదా. ఒకే ఆకారమా, ఒంటరి ఆకారమా?

పాతపలక: దానికి వేరే పోస్టు పెట్టండి. నేనూ వస్తాను.