కొత్త కట్టడం: సభామందిరమా, సాధన గదులా?

మెట్లమీద వయొలిన్:
మా విశ్వవిద్యాలయం సంగీత విభాగానికి కొత్త కట్టడం రాబోతోంది. ఉన్న డబ్బుకు రెండింటిలో ఒకటే వస్తుందంటున్నారు: నాలుగు వందల మంది పట్టే సభామందిరం, లేదంటే ఇరవై సాధన గదులు. విద్యార్థుల అభిప్రాయం వచ్చే వారంలోగా రాసివ్వాలి. ఇప్పుడు మాకున్నవి ఆరు గదులు. ఉదయం ఆరింటికి వచ్చినవారికి గది, ఏడింటికి వచ్చినవారికి మెట్లు. నేను రెండో రకం. ఏడాదికి రెండు కచేరీలు జరిగే వేదిక కోసం రోజూ చేసే సాధనను ఆరుబయట నిలబెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు. కాదనేవారు కారణం చెప్పండి.

మూడో వరుస:
కాదనేవాణ్ణి నేనే. మూడేళ్లు చిన్న గదిలో పాడాను. గొంతు గోడకు తగిలి వెంటనే చెవికి వచ్చేది, అదే నా అసలు గొంతనుకున్నాను. మొదటిసారి పెద్ద వేదిక ఎక్కితే స్వరం సభలోకి వెళ్లింది, తిరిగి రాలేదు. బెదిరిపోయి గట్టిగా పాడాను, రెండో పాటకే గొంతు బొంగురుపోయింది. మంచి సింఫనీ హాలులో ధ్వని ఆగాక ప్రతినాదం దాదాపు 2 సెకన్లు నిలుస్తుంది. వెనకటి స్వరం ఇంకా గాలిలో ఉండగా తర్వాతిదాన్ని ఎప్పుడు ఎత్తుకోవాలో, వేగం ఎంత తగ్గించాలో గదిలో కూర్చుని ఎవరూ నేర్చుకోలేరు. వేదికను పాఠ్యాంశంగా లెక్కించండి.

తాళంచెవి:
వాదం బాగుంది. ఆ మందిరం తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుంది? మా దగ్గర ఉన్నదాన్ని కూడా సంగీతం కోసమనే కట్టారు. సన్మానాలు, సదస్సులు, పరీక్షలు అన్నీ అందులోనే. మేము అడిగితే మాత్రం దరఖాస్తు, దానిమీద మూడు సంతకాలు.

మూడో వరుస:
అది నిర్వహణ లోపమండీ. కట్టడాన్ని ఎందుకు తిడతారు?

తాళంచెవి:
కట్టేదీ ఆ నిర్వాహకులే కదా!

సందులేని తలుపు:
ఇలాంటి కట్టడాల్లో ధ్వని లెక్కలు చూడటం నా పని. నా అనుమానమంతా ఆ ఇరవై అన్న అంకెమీదే. ఒక సభామందిరం డబ్బుకు ఇరవై గదులే వస్తాయంటే బాగానే కడతారేమో అనిపిస్తుంది గానీ, ముందు నమూనా అడిగి చూడండి. సాధన గదికి ఖర్చంతా కంటికి కనబడని చోట పోతుంది: రెండు వరుసల గోడ, మధ్యలో గాలి, పక్కగదికి అంటకుండా విడిగా నిలిచే నేల, గాలి గొట్టాల్లో మోతను అణిచే ఏర్పాటు, చుట్టూ రబ్బరు పట్టీతో బరువైన తలుపు. ధ్వనిని 40 డెసిబెల్‌లు (మోత తీవ్రతకు కొలమానం) తగ్గించగల తలుపుకైనా, దాని వైశాల్యంలో 1 శాతం సందు ఉంటే తగ్గేది 20 డెసిబెల్‌లే. కింద రెండు సెంటీమీటర్ల ఖాళీ చాలు అందుకు. గోడకు గుడ్ల అట్టలు, స్పాంజి అంటిస్తే పక్కగదికి శబ్దం వెళ్లదని ఇప్పటికీ నమ్మేవారున్నారు. ధ్వనిని ఆపేది బరువు. మెత్తనివి లోపలి మోతను మాత్రమే పీల్చుకుంటాయి.

ఆ మెత్తనివాటికీ ఒక కథ ఉంది. 1895లో హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట అర్థంకాక అందరూ తలలు పట్టుకుంటే, వాలెస్ సబైన్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడికి దాన్ని సరిచేసే పని అప్పగించారు. ఆయన దగ్గర్లోని నాటకశాల కుర్చీల మెత్తలు రాత్రిళ్లు తెప్పించి పరిచి, ఆర్గన్ గొట్టం మోగించి, మోత ఎంతసేపటికి అణిగిందో కొలిచేవాడు. ఖాళీ మందిరంలో అది దాదాపు 5.5 సెకన్లు. గది ఘనపరిమాణం పెరిగితే ప్రతినాదం పెరుగుతుందని, పీల్చే ఉపరితలం పెరిగితే తగ్గుతుందని అలా తేలింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలును ఆ సూత్రంతోనే రూపొందించారు. ఈనాడు మెత్తలకు బదులు గోడల వెంట బరువైన తెరలు జరుపుకుంటే ఒకే మందిరం మాటకూ పాటకూ సరిపోతుంది.

డోలు దరువు:
గదుల సంఖ్య పెంచడానికి వాటిని ఇరుకు చేస్తే దెబ్బ చెవులకు తగులుతుంది. 85 డెసిబెల్‌ల మోతలో రోజుకు 8 గంటలు గడపడం హద్దు అంటారు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్‌లకు సమయం సగమవుతుంది. 94 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది ఒక్క గంట. చిన్న గదిలో డ్రమ్స్, ఇత్తడి బూరలు దాన్ని సులువుగా దాటేస్తాయి. నా కుడి చెవిలో రాత్రిళ్లు ఈల వినిపిస్తుంది. అగ్గిపెట్టెలు ఇరవై కట్టేకంటే పెద్దవి పది చాలు.

పాఠం చెప్పేదాన్ని:
సాధన గది, వేదిక అంటూ వాదించుకుంటున్నారు, పాఠం ఎక్కడ చెప్పాలో ఎవరికీ గుర్తు రాలేదు! నేను చెప్పేదీ సాధన గదిలోనే, విద్యార్థి మోకాలు నా మోకాలికి తగులుతుంది. అంత దగ్గర నుంచి నాకు కమాను రాపిడి వినిపించినంతగా నాదం వినిపించదు. మూడు నాలుగు మీటర్ల దూరంలో నిలబడితేనే స్వరం నిండుగా ఉందో లేదో తెలుస్తుంది. పైగా ఒకరు వాయిస్తుంటే తోటివారు ఐదారుగురు కూర్చుని వినాలి. వేదిక భయం సగం అక్కడే తీరుతుంది. నన్నడిగితే పన్నెండు గదులు సరిగ్గా కట్టి, ముప్పై మంది పట్టే గదులు రెండు వేయమంటాను. పగలు పాఠాలు, సాయంత్రం చిన్న కచేరీలు.

మెట్లమీద వయొలిన్:
అమ్మా, మమ్మల్ని రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే ఎంచుకోవడానికే కూర్చున్నాం, ఇది తట్టలేదు. అర్జీలో మీరు చెప్పినదే రాస్తున్నాను. రబ్బరు పట్టీ తలుపులు, తెరలు కూడా చేర్చాను. తాళాలు విద్యార్థుల వంతుల పట్టిక ప్రకారం ఇవ్వాలన్నది చివరి వాక్యం.

మూడో వరుస:
ముప్పై మంది గదిలో కూడా నా గొంతు మళ్లీ నా చెవికే వస్తుంది. అర్జీకి నేను ఒప్పుకోను. ఆ చివరి వాక్యానికి మాత్రం నా సంతకం ఉంటుంది, దాని కింద కాస్త చోటు వదలండి.