స్వదేశం చూడవచ్చిన దత్తపుత్రికను ‘ఎవరి పిల్లవు’ అని అడగవచ్చునా?

చర్చ మొదలుపెట్టినవారు, శ్రీకాకుళం:
రెండేళ్ల వయసులో మన ప్రాంతంలోని ఒక శిశు సంరక్షణ కేంద్రం నుంచి స్వీడన్‌కు దత్తత వెళ్లి, ఇప్పుడు ముప్పై దాటిన ఒక అమ్మాయి మా ఇంట వారం రోజులు అతిథిగా ఉంది. కనుముక్కు తీరంతా మనదే, తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. అరసవల్లి సూర్యదేవాలయంలో అర్చకులు గోత్రం అడిగారు. వీధిలో ఒక ముసలమ్మ గడ్డం పట్టుకుని ‘ఎవులి పిల్లవమ్మా’ అంది. ఎదురింటావిడ టీ తాగుతూ కన్నవాళ్లెవరు, ఎందుకు వదిలేశారు, వీళ్లెంత ఇచ్చి తెచ్చుకున్నారు అని వరసగా అడిగి, ఇంగ్లీషులో చెప్పమని నన్ను పురమాయించారు. మూడో ప్రశ్నను నేను మింగేశాను. తప్పు చేశానా?

ఉపాధ్యాయురాలు, విజయనగరం:
తప్పే చేశారండీ. మా వైపు కొత్త మనిషి కనిపిస్తే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగకపోవడమే చిన్నచూపు. ఆ ముసలమ్మ అడిగింది ఆరా కాదు, ఆప్యాయత. పైగా ముప్పై ఏళ్లు దాటిన మనిషి ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో, దేనికి చెప్పకూడదో మీరు నిర్ణయించారు.

గతంలో శిశు సంక్షేమ విభాగంలో పనిచేసినవారు, శ్రీకాకుళం:
మీరిద్దరూ ఆ అమ్మాయి మనసు గురించే మాట్లాడుతున్నారు. ఆ కథలో ఇంకొక స్త్రీ ఉందన్న సంగతి మరిచారు. మన జిల్లాల్లో పుట్టిన సంవత్సరం, మండలం, ఆసుపత్రి పేరు టీ కొట్టు దాకా చేరితే కన్నతల్లి ఎవరో తేలడానికి ఎన్నాళ్లో పట్టదు. ఆమె ఈపాటికి తన సంసారంలో, ఎవరికీ చెప్పని గతంతో బతుకుతూ ఉండవచ్చు. అందుకే దత్తత నిబంధనల ప్రకారం మూలాల అన్వేషణకు దత్తత వెళ్లిన వ్యక్తే దరఖాస్తు చేసుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండకపోతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి చేసుకోవాలి. మూడో మనిషికి వివరాలు ఇవ్వరు. బిడ్డను అప్పగించేటప్పుడు తన పేరు బయటపెట్టవద్దని తల్లి కోరి ఉంటే ఆమె సమ్మతి కూడా కావాలి. ఫైలు దగ్గర ఇన్ని తలుపులు పెట్టి, అదే సమాచారాన్ని వరండాలో టీ గ్లాసు పట్టుకుని అడగడం నాకు మింగుడుపడదు.

‘ఎంత ఇచ్చారు’ అన్నది వేరే సంగతి. పిల్లల వ్యాపారాన్ని అరికట్టాలనే 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 1990లో దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’ ఏర్పడింది. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం పిల్లల్ని అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు కఠిన శిక్ష పడవచ్చు. అయినా ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. స్వీడన్ ప్రభుత్వమే నియమించిన కమిషన్ విదేశీ దత్తతల్లో అక్రమాలు జరిగాయని తేల్చి, వాటిని నిలిపివేయాలని 2025లో సిఫారసు చేసింది. కనుక అది ఆ అమ్మాయిని ఇప్పటికే నిద్రపోనివ్వని ప్రశ్న అయి ఉండవచ్చు.

ఉపాధ్యాయురాలు, విజయనగరం:
కన్నతల్లి విషయం నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ ముసలమ్మను ఎదురింటావిడతో ఒకే గాట కట్టకండి.

చర్చ మొదలుపెట్టినవారు:
కట్టను. నిన్న ఆ అమ్మాయికి మూడో ప్రశ్న సంగతి చెప్పేశాను. ఎదురింటావిడ ముఖం చూసినప్పుడే అర్థమైందని నవ్వింది. అపరిచితులకు ‘మా అమ్మానాన్నలు స్వీడన్‌లో ఉన్నారు’ అన్న ఒక్క వాక్యమే చెబుతుందట. మళ్లీ అడిగితే ‘అది నా ఒక్కదాని విషయం కాదు’ అంటుందట. మన సంక్షేమ విభాగం పెద్దాయన చెప్పిన కారణమే, ఆయనను ఎరగకుండానే. డబ్బు గురించి మాత్రం కాగితాలు చూశాక ముందు తనకు తాను చెప్పుకోవాలంది.

గోత్రం సంగతి అర్చకులే తేల్చారు. తెలియనివారికి కాశ్యప గోత్రం, స్వామివారూ కశ్యపుడి కొడుకే కదా అన్నారు. ఆ అమ్మాయి దాన్ని ప్రసాదం పొట్లం మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుని, పాస్‌పోర్టులో పెట్టుకుంది.