ట్రాక్ మీద కారు నడిపించే కానుక: నాన్నగారికి ఏది కొనమంటారు?

గోదారిగట్టు (రెడింగ్):
ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరైన మా నాన్నగారు ఈ వేసవిలో మొదటిసారి ఇంగ్లండు వస్తున్నారు. బతుకంతా బస్సు నడిపిన మనిషి చేత ఒక్కపూట ఫెరారీయో, ఆస్టన్ మార్టినో రేసు ట్రాక్ మీద నడిపించాలని నాకూ మా తమ్ముడికీ కోరిక. 150 పౌండ్ల దాకా పెట్టగలం. ఏ కారు, ఏ ట్రాక్ ఎంచుకోవాలి, ఇండియా లైసెన్సుకు ఒప్పుకుంటారా, మోకాళ్ల నొప్పులున్న వారికి ఇబ్బంది ఉంటుందా, మమ్మల్ని పక్కన నిలబడి చూడనిస్తారా అన్న విషయాలు అనుభవమున్న వారు దయచేసి చెప్పండి.

లెస్టర్ కోడలు:
వెబ్‌సైటులో పెద్ద అక్షరాల్లో వేసిన ధరను చూసి లెక్క వేసుకోకండి. మా వారి పుట్టినరోజుకు కొన్న ఇలాంటి వోచరు (ముందే డబ్బు కట్టి కొనే కానుక పత్రం) శని, ఆదివారాల్లో చెల్లదని, ఆ రోజులే కావాలంటే అదనంగా కట్టాలని తేదీ ఖాయం చేసుకునేటప్పుడు గాని తెలియలేదు. తీరా అక్కడికి వెళ్లాక డ్యామేజ్ వేవర్ పేరుతో అదనపు రుసుము అడిగే ఇంకో కాగితం ముందు పెట్టారు. ఆ రుసుము కట్టని పక్షంలో కారుకు ఏమైనా అయితే వేల పౌండ్ల వరకు మనమే భరించాలట. హెల్మెట్ చేతబట్టుకుని పిల్లల ముందు నిలబడ్డ మనిషి ఆ సమయంలో వద్దని ఎలా అంటాడు? వీడియోకు మళ్లీ వేరే వసూలు చేశారు. ఆ సంస్థ పేరు ఎత్తను, ఎత్తితే నాకు మళ్లీ కోపం వస్తుంది.

రెండో గేరు:
నాకు రేసు లైసెన్సు ఉంది, ఏటా సొంత కారుతో ట్రాక్ డేలకు (రేసు ట్రాక్ మీద మన కారు తిప్పనిచ్చే రోజులకు) వెళ్తాను కనుక అధికారంతోనే చెబుతున్నాను. ఫెరారీలో మూడు మైళ్లు తిప్పి దింపేసే వోచరు శుద్ధ దండగ. సీటు సర్దుకుని కారు స్వభావం అర్థం చేసుకునే లోపే అయిపోతుంది. అదే డబ్బుకు అంత పేరు లేని కారులో ఎక్కువ ల్యాపులు (ట్రాక్ చుట్టూ చుట్లు) వస్తాయి. ఇంకో మాట, పాత ఎయిర్‌ఫీల్డు మీద కోన్లు పేర్చి దాన్నే ట్రాక్ అనే చోటికి వెళ్లవద్దు. బ్రాండ్స్ హ్యాచ్ లాంటి అసలైన రేసు ట్రాక్‌లో ప్యాడక్ హిల్ అనే మలుపు దగ్గర రోడ్డు ఒక్కసారిగా పల్లంలోకి దిగిపోతుంది. ఆ అనుభవం చదునైన రన్‌వే మీద ఎక్కడ దొరుకుతుంది?

పాత రన్‌వే:
ఎయిర్‌ఫీల్డును అంత తేలిగ్గా తీసిపారేసే ముందు తమరు కాస్త చరిత్ర చూడవలసింది. 1950 మే 13న ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ తొలి రేసు జరిగిన సిల్వర్‌స్టోన్ రెండో ప్రపంచ యుద్ధకాలపు వైమానిక స్థావరమే. గుడ్‌వుడ్ ట్రాక్ అంటే వెస్ట్‌హాంప్‌నెట్ స్థావరం చుట్టూ వేసిన రోడ్డు. థ్రక్స్‌టన్, కాజిల్ కోంబ్, స్నెటర్‌టన్ ట్రాక్‌లు కూడా అలా పుట్టినవే.

రెండో గేరు:
నేను పుట్టుక గురించి మాట్లాడలేదు, ఇప్పటి స్థితి గురించి మాట్లాడాను. సిల్వర్‌స్టోన్‌లో ఇప్పుడున్నది 5.891 కిలోమీటర్ల శాశ్వత ట్రాక్, కోన్ల వరుస కాదు. పుస్తకాల్లో చదివిన వారికి ఆ తేడా తెలియకపోవచ్చు.

పాత రన్‌వే:
పుస్తకం చదవడం కూడా ఒక లోపమని ఇప్పుడే తెలిసింది. ఆవిడ అడిగింది మీ ల్యాప్ టైము గురించి కాదు, మొదటిసారి ట్రాక్ ఎక్కే పెద్దాయన గురించి. కారు అదుపు తప్పితే ఎయిర్‌ఫీల్డులో చుట్టూ ఖాళీ స్థలం ఉంటుంది కాబట్టి ఒకటి రెండు కోన్లు పడిపోవడంతో సరిపోతుంది. మీ ప్యాడక్ హిల్ దగ్గరైతే కంకరలోకి పోతుంది, ఆ వెంటనే లెస్టర్ కోడలు గారు చెప్పిన కాగితం బయటికి వస్తుంది.

రెండో గేరు:
ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. ఎక్కడ బ్రేకు వేయాలో, ఎక్కడ తిప్పాలో ఇన్‌స్ట్రక్టరు పక్కనే కూర్చుని చెబుతుంటే కంకరలోకి వెళ్లే ప్రసక్తి ఎక్కడిది?

నిదానమే ప్రధానం:
మీ ఇద్దరి యుద్ధం ముగిసే లోపు ఆయన వీసా ముగిసేలా ఉంది. సందర్శనకు వచ్చిన వారు ఇండియా లైసెన్సుతో ఇక్కడి రోడ్ల మీద 12 నెలల వరకు కారు నడపవచ్చు. ట్రాక్ ప్రైవేటు స్థలం కనుక అక్కడ నిర్వాహకుల షరతులే చూడాలి. ముందే మెయిలు రాసి అడిగి, వారి జవాబును దాచుకోండి, అసలు కార్డు మరవకుండా తెమ్మనండి. ఇక్కడే స్థిరపడిన నాలాంటి వారి పాట్లు వేరు. ఏడాది దాటితే మన లైసెన్సు చెల్లదు, దానికి బదులుగా ఇక్కడిది ఇవ్వరు, మళ్లీ పరీక్షలు పాసవ్వాలి. నేను ఆటోమేటిక్ కారులో పాసయ్యానని ఒకచోట నన్ను కేటరమ్ అనే చిన్న స్పోర్ట్స్ కారు ఎక్కనివ్వలేదు, దానికి క్లచ్ ఉంటుంది కదా.

డబుల్ డెక్కర్:
ఆర్టీసీ మనిషికి ఫెరారీ ఎందుకండీ? పాత లండన్ రూట్‌మాస్టర్ బస్సును నడిపించే వోచర్లు కూడా ఈ దేశంలో అమ్ముతారు. 1956లో ప్రయాణికులతో రోడ్డెక్కి, 2005 దాకా లండన్‌లో రోజువారీ తిరిగిన బస్సు అది. ముందు డ్రైవరు ఒక్కడికే సరిపడే క్యాబిన్, వెనక తలుపు లేని మెట్టు ఉంటాయి. దాని విలువ మనకంటే ఆయనకే బాగా తెలుస్తుంది.

పాత రన్‌వే:
సెలవులకు వచ్చిన మనిషికి మళ్లీ డ్యూటీ వేస్తారా?

డబుల్ డెక్కర్:
దాన్ని డ్యూటీ అనుకునేది డ్రైవర్లు కాని వారే. మా మామయ్య రిటైరయ్యాక కూడా సాయంత్రాలు బస్టాండుకు వెళ్లి, ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో చూసి వచ్చేవారు.

కార్డిఫ్ చెల్లెలు:
అక్కా, మోకాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఏరియల్ ఆటమ్ అనే కారుకు అసలు తలుపులే లేవు, అంచు మీదుగా కాలు దాటించి దిగాలి. కేటరమ్ కూడా నేలకు ఆనుకున్నట్టే ఉంటుంది. వాటి జోలికి పోవద్దు. పోర్షే 911 అయితే ఎక్కి దిగడం కొంత నయం, గేర్లు స్టీరింగు దగ్గరే మార్చే రకమైతే ఎడమ కాలికి పని ఉండదు. ఫెరారీ తీసుకుంటే స్టీరింగు ఏ వైపు ఉందో అడగండి, ఎడమ వైపు ఉన్నవి కూడా ఇస్తుంటారు, జీవితమంతా కుడి వైపు కూర్చున్న వారికి అది కొత్త. ఆన్‌లైన్‌లో తేదీ లేని వోచరు కొంటే 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు చట్టం ఇస్తుంది, ఫలానా రోజుకని బుక్ చేస్తే ఆ హక్కు వర్తించదు. కనుక నాన్నగారు ఒప్పుకున్నాకే తేదీ ఖాయం చేయండి.

గోదారిగట్టు (రెడింగ్):
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి ఫోను చేసి బస్సా, కారా అని అడిగాను. బస్సు మాట వినగానే కండక్టరు ఉంటాడా అన్నారు, కారు మాట చెప్పేసరికి దానికి దెబ్బ తగిలితే కోత ఎవరి జీతంలో అన్నారు. చివరకు కారుకే మొగ్గారు. హాంప్‌షైర్‌లోని థ్రక్స్‌టన్ మాకు దగ్గర కనుక వారం మధ్యలో అక్కడ 911 దొరుకుతుందేమో చూస్తున్నాం. వేవరును కూడా కలుపుకుంటే 150 చాలేలా లేదు, మిగతాది తమ్ముడు వేస్తానన్నాడు.

రెండో గేరు:
థ్రక్స్‌టన్ బ్రిటన్‌లోకెల్లా వేగమైన ట్రాక్. మొదటిసారి నడిపే వారికి దాన్ని ఎవరు సిఫారసు చేశారు?

పాత రన్‌వే:
అదీ ఎయిర్‌ఫీల్డేనండీ.