రువాండా మారణహోమంలో ఎంతమంది సామాన్యులు పాల్గొన్నారు? ఏ అంకె రాయాలి?

ప్రశ్న: ఎం.ఏ. సెమినార్‌కి 1994 రువాండా మారణహోమం తీసుకున్నానండీ. పాల్గొన్నవాళ్లు 2 లక్షలని ఒకచోట, 10 లక్షలని ఇంకోచోట, 19 లక్షలని మరోచోట ఉంది. ఏది రాయాలి? చనిపోయినవాళ్లను బట్టి, ఒక్కొక్కరు ఒకరిని చంపారనుకుని లెక్కేసినా కుదరట్లేదు. సోమవారమే సెమినార్, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ 19 లక్షలు కొట్టేయండి. అవి కేసులు, మనుషులు కాదు. ఊరివాళ్లే జడ్జీలుగా కూర్చున్న గచాచా కోర్టులు 2012లో మూతపడేనాటికి 19,58,634 కేసులు తేల్చాయి. నిందితులు సుమారు 10 లక్షలే. మన స్టేషన్లలోనూ ఒకే మనిషి మీద మూడు కేసులుంటాయి కదా, అంతే. పైగా అందులో చాలావరకు ఆస్తి కేసులు. పారిపోయిన పక్కింటివాళ్ల ఆవును కోసుకు తిన్నవాడు, ఇంటి పైకప్పు పీక్కుపోయినవాడు. వీళ్లకు జైలు లేదు, నష్టపరిహారం కట్టాలి.

ప్రశ్న: మరి ఆవును తిన్నవాడు పాల్గొన్నట్టా, కాదా?

జవాబు: మీ సెమినార్ అంతా ఆ ప్రశ్న మీదే నడపొచ్చు. స్కాట్ స్ట్రాస్ అనే పరిశోధకుడు జైళ్లలో 210 మంది దోషులతో మాట్లాడి, హత్యలు చేసినవాళ్లను, దాడి గుంపుల్లో తిరిగినవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. 1,75,000 నుంచి 2,10,000 అని తేల్చారు. అంటే వయసొచ్చిన హుటూ మగవాళ్లలో 14 నుంచి 17 శాతం (హుటూలు అక్కడి మెజారిటీ వర్గం, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మైనారిటీ టుట్సీలు). తక్కినవాళ్లు చంపలేదన్నది కూడా అందులోనే ఉంది, దాన్ని వదిలేయకండి. ఇక తలకొకరు అనే లెక్క ఎందుకు కుదరదంటే, చర్చిల్లో తలదాచుకున్న వేలమందిని కొద్దిమంది సైనికులు, మిలిషియావాళ్లు గ్రెనేడ్లతో, తుపాకులతో చంపేశారు. పొదల్లో దొరికిన ఒక్క మనిషి మీద మాత్రం పదిమంది పడ్డారు.

మరొకరు: ఒక్కమాట. గచాచాలో నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గేది, కానీ తోడు వచ్చినవాళ్ల పేర్లూ చెప్పాలి. అలా నిజంగా వచ్చినవాళ్ల పేర్లతో పాటు పాత కక్షల పేర్లూ చేరాయి. అదే సాక్షులంతా చనిపోయిన చోట చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. అందుకే ఆ 10 లక్షల దగ్గర ‘నిందితులు’ అనే రాయండి, ‘హంతకులు’ అనకండి.

ప్రశ్న: సరేనండీ. స్లైడ్‌లో రెండు గడులు పెడతాను, హింసకు దిగినవాళ్లు ఒకటి, దోపిడీ కూడా కలిపితే ఎంత అన్నది ఒకటి.

జవాబు: పెట్టండి. ఏ గడిలో ఎవరిని కలిపారో కిందే ఒక లైను రాయండి. మొదట అడిగేది అదే.