హౌసు లాంటి సినిమాని నవ్వే జనం మధ్య చూడాలా, ఇంట్లో ఒక్కళ్ళమే చూసుకోవాలా?

రెండో_ఆట:
నిన్న రాత్రి ‘హౌసు’ పెద్ద తెర మీద చూసొచ్చా. తెలీని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. 1977లో జపాన్‌లో తోహో కంపెనీ రిలీజ్ చేసిన సినిమా, డైరెక్టర్ నొబుహికో ఒబయాషి, అప్పటిదాకా టీవీ యాడ్స్ తీసుకునే మనిషి. ఏడుగురు స్కూలు అమ్మాయిలు ఎండాకాలం సెలవులకి అందులో ఒకమ్మాయి వాళ్ళ ఆంటీ ఇంటికి వెళ్తారు, ఆ ఇల్లు ఒక్కొక్కళ్ళనీ తినేస్తుంది. పియానో తింటుంది, పరుపులు మీద పడతాయి, చల్లబడాలని బావిలో వేసిన పుచ్చకాయ పైకి లాగితే అమ్మాయి తలకాయ వస్తుంది. భయపడాలో నవ్వాలో అర్థం కాదు, అదే దాని మజా.

నేనుండేది అమెరికాలో, మా ఊళ్ళో పాత సినిమాలు వేసే చిన్న థియేటర్ ఒకటుంది. రాత్రి పది గంటల ఆట, పన్నెండు డాలర్ల టికెట్, హౌస్‌ఫుల్. నేను ఇంట్లో రెండుసార్లు చూసిన సినిమానే గానీ పెద్ద తెర మీద ఎప్పుడూ చూళ్ళేదు కాబట్టి పండగలా వెళ్ళా. ఆట మొదలయ్యే ముందు ఒకాయన మైకు పట్టుకుని వచ్చి ఇంత పిచ్చి సినిమా మీరు జన్మలో చూసుండరు, కడుపారా నవ్వుకోండి అన్నాడు, మొదటిసారి చూసేవాళ్ళు చేతులెత్తండి అంటే హాల్లో ముప్పావు వంతు చేతులు లేచాయి. అంతే, తోహో బొమ్మ పడ్డప్పట్నుంచే నవ్వు. ఎవరో తలుపు తీస్తే నవ్వు, ఆంటీ చక్రాల కుర్చీలో కనపడితే నవ్వు.

అదీ ఓకే. కానీ మధ్యలో ఆంటీ కథ వస్తుంది కదా, ఆవిడకి పెళ్ళి కుదిరిన అబ్బాయి యుద్ధానికి పోయి తిరిగి రాడు, ఆవిడ అలా ఎదురుచూస్తూనే ఉండిపోతుంది. దాన్ని డైరెక్టర్ పాత సినిమా రీలు లాగా చూపిస్తాడు, పైన ఈ అమ్మాయిలు కామెంటరీ చెప్పుకుంటుంటారు. అందులో అణుబాంబు పొగ పైకి లేస్తుంది, ఒక పిల్ల అచ్చం పీచుమిఠాయిలా ఉంది అంటుంది. హాలంతా ఘొల్లుమంది. నా పక్కనోడు చప్పట్లు కూడా కొట్టాడు.

ఒబయాషిది హిరోషిమా జిల్లాలోని ఒనోమిచి, 1938లో పుట్టాడు, అంటే బాంబు పడ్డప్పుడు ఏడేళ్ళ పిల్లాడు. నాకు ఆ నవ్వు గొంతులో ముల్లులా గుచ్చుకుంది. ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన, ఇలాంటి సినిమాని జనంతో చూడటం దండగేమో, ఒంటరిగా చూసుకోవడమే మర్యాదేమో అని. మీరేమంటారు?

ఎక్స్‌రోడ్స్_పోరడు:
అన్నా నువ్వు జనం నవ్విన్రని బాధపడుతున్నవ్, మా దగ్గర జనం నవ్వకుంటే బాధపడతం. కామెడీ పెట్టిండు కదా, నవ్వకుంటే ఏం చేయాలె, అగర్‌బత్తి ముట్టియ్యాలెనా? కుంగ్‌ఫూ అని పేరు పెట్టిన పిల్ల గాల్లో ఎగురుకుంట వస్తున్న కట్టెలని కాలుతో తంతుంటది, ఎనకాల హీరో మ్యూజిక్ కొడుతుంటది, గది చూసి సీరియస్‌గ కూసున్నోడు ఎవడన్న ఉంటే వాని మీద నాకు డౌటొస్తది.

2022ల పోకిరి రీరిలీజ్ అయినప్పటి సంది చూస్తలేవా, హైదరాబాద్ క్రాస్‌రోడ్స్ థియేటర్లల డైలాగ్ రాకముందే జనం చెప్పేస్తున్రు, నవ్వు కూడ జోక్ కన్న ముందే వస్తది. ఎవ్వడూ సినిమా ఖరాబైందని ఏడ్వలే. థియేటర్ అంటేనే గది. ఇంట్ల ఒక్కనివే చూసేదుంటే ఇంక టీవీ కొనుక్కున్నదెందుకు, జనాన్ని భరించలేకనే కదా.

రెండో_ఆట:
బ్రో పోకిరికి వచ్చినోళ్ళు ఆ సినిమాని ఇరవైసార్లు చూసినోళ్ళు, ప్రేమతో నవ్వుతారు, వాళ్ళకి ఏ సీను తర్వాత ఏ సీనో తెలుసు. ఇక్కడ చేతులెత్తినోళ్ళు మొదటిసారి చూస్తున్నారు, అయినా ముందే నవ్వాలని డిసైడై వచ్చారు. జోకు వచ్చి నవ్వించడం వేరు, నవ్వు జేబులో పెట్టుకొచ్చి జోకు కోసం వెతుక్కోవడం వేరు. నాకు కాలింది రెండోదానికి. ఆ మైకాయన మీద కూడా ఎక్కువే కాలింది.

నైట్‌షిఫ్ట్:
నేను లాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశా. నలభై నిమిషాలకి నిద్రపోయా. మీరందరూ దాన్ని ఏదో మహాకావ్యంలా మాట్లాడుతున్నారు గానీ గ్రాఫిక్స్ చూశారా, బొమ్మలు కత్తిరించి అతికించినట్టు ఉన్నాయి, అందులో ఆంటీ పిల్లి కళ్ళు పచ్చగా మెరిస్తే మా అక్క కూతురు ఫోన్‌లో చేసే ఫిల్టర్ గుర్తొచ్చింది. జనం నవ్వింది సినిమా చెత్తగా ఉందని, సింపుల్. దానికి హిరోషిమా దాకా పోవాలా.

కాకినాడ_కాజా:
నైట్‌షిఫ్ట్ గారూ, ఆ గ్రాఫిక్స్ చేతకాక అలా చేసినవి కాదండి. ఆయన యాడ్స్‌లో చేయి తిరిగినవాడు, హాలీవుడ్ నటుడు ఛార్లెస్ బ్రాన్సన్‌ని పెట్టి మాండమ్ అనే మగాళ్ళ కాస్మెటిక్స్ యాడ్ తీసినాయన, నున్నగా తీయడం ఆయనకి రాకేంటండి. జాస్ అనే హాలీవుడ్ షార్క్ సినిమా ఆడేసరికి తోహో వాళ్ళు అలాంటిదేదో కావాలన్నారు, ఈయన ఇంటికెళ్ళి స్కూల్లో చదువుతున్న కూతురు చిగుమిని అడిగాడు నీకేమంటే భయం అని. అద్దంలో నా బొమ్మే నన్ను పట్టుకుంటే, పియానో నా వేళ్ళు కొరికితే, పరుపులు మీద పడితే, అని ఆ పిల్ల చెప్పుకుంటూ పోయింది. అవన్నీ సినిమాలో ఉన్నాయి, కథకి ఆ పిల్ల పేరు కూడా వేశారు. పిల్ల భయాన్ని పెద్దోళ్ళ పనితనంతో నునుపు చేస్తే అది పిల్ల భయం అవ్వదు కదండీ. అందుకే కత్తిరించి అతికించినట్టుంటుంది. అప్పట్లో జపాన్ విమర్శకులు కూడా మీలాగే తిట్టారులెండి, కుర్రకారు మాత్రం బాగానే ఆడించారు.

ఇంక రెండో_ఆట గారూ, మీ పీచుమిఠాయి సంగతికొస్తానండి. కోప్పడకండి గానీ నేను మీతో పూర్తిగా ఒప్పుకోను. ఆ మాట అన్న పిల్లకి యుద్ధం తెలీదు. సినిమా వచ్చింది 1977లో, ఆ పిల్లలు పుట్టేనాటికే అంతా అయిపోయింది, వాళ్ళకి ఆ పొగ ఒక బొమ్మ అంతే. ఎదురుగా ఒకావిడ బతుకంతా బుగ్గయిపోయి కూర్చుంటే వీళ్ళు మాత్రం అబ్బ ఎంత బాగుందో అంటున్నారు, డైరెక్టర్ చూపించదల్చుకున్నదే అది. మరి మీ హాల్లో జనం ఏం చేశారండి? అచ్చం ఆ పిల్లల్లాగే చేశారు. మీరు ఇంట్లో ఒంటరిగా చూసినప్పుడు ఆ సీను మీకు ఇలా గుచ్చుకుందా? రెండుసార్లు చూశానన్నారుగా.

రెండో_ఆట:
... లేదండి. నిజం చెప్పాలంటే ఇంట్లో చూసినప్పుడు ఆ డైలాగు మీద నేనసలు ఆగలేదు. నవ్వలేదు గానీ ఆగలేదు కూడా.

అయినా వాళ్ళు తెలిసి నవ్వలేదు కదా, వాళ్ళకి అది ఇంకో పిచ్చి డైలాగంతే. నాకేదో పాఠం దొరికిందని వాళ్ళ నవ్వు మంచిదైపోతుందా?

కాకినాడ_కాజా:
మంచిదని ఎవరన్నారండి. హాల్లో జరిగింది కూడా సినిమాలో భాగమే అన్నానంతే.

నా చిన్నప్పుడు మా ఊరి టూరింగ్ టాకీసులో నేల టికెట్ కొనుక్కుని దెయ్యం సినిమా చూస్తున్నామండి, మా అమ్మమ్మ కొంగు పట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా తెల్లచీర ఆవిడ తలుపు దగ్గర వెనక్కి తిరగబోతుండగా కరెంటు పోయింది. చీకటి. ఇసకలో ఎవరి కాలో నా కాలికి తగిలింది. ఎవడో పిల్లాడు కెవ్వున అరిచాడు, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టారు అందరూ, ఆ తర్వాత మొదలైందండి నవ్వు, బెంచీల నుంచి నేల దాకా పొర్లి పొర్లి నవ్వారు. మా అమ్మమ్మ కూడా నవ్వింది, కానీ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు గుచ్చుకుని గీరుకుపోయింది. జనం నవ్వారంటే భయం లేదని కాదండి. మీ పక్కన చప్పట్లు కొట్టినతను ఇంటికెళ్ళాక అద్దం వైపు చూశాడో లేదో మీకెలా తెలుసు?

నైట్‌షిఫ్ట్:
గాజు సీను బాగుంది మేడమ్, హౌసు కంటే బాగుంది.

ఎక్స్‌రోడ్స్_పోరడు:
మేడమ్ సెంచరీ కొట్టిన్రు.

ఒకటే_టేక్:
లేటుగా వచ్చా. జనంతో చూడటం దండగ అనేవాళ్ళకి నా దగ్గర ఒకటే సమాధానం, ‘వన్ కట్ ఆఫ్ ది డెడ్’. అది కూడా జపాన్‌దే, షినిచిరో ఉయెదా తీశాడు, బడ్జెట్ 30 లక్షల యెన్‌లు, అంటే మన దగ్గర ఒక మోస్తరు పెళ్ళి ఖర్చు. 2018 జూన్‌లో టోక్యోలో రెండంటే రెండు చిన్న థియేటర్లలో వేశారు, చూసినోళ్ళు చెప్పుకుని చెప్పుకుని రెండొందలు దాటి స్క్రీన్లకి పాకింది. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్‌లో జోంబీ సినిమా నడుస్తుంది, నటులు ఊరికే ఆగిపోతుంటారు, కెమెరా కింద పడిపోయి అలాగే ఉంటుంది, చెత్తగా ఉందేంట్రా బాబూ అనిపిస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పను, చెప్తే పాపం తగులుతుంది.

నేను బెంగళూరులో ఫ్రెండ్స్ పదిహేనుమందిమి ప్రొజెక్టర్ పెట్టుకుని గోడ మీద చూశాం. మొదటి అరగంట ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు, ఇద్దరు వెటకారంగా నవ్వుతున్నారు. రెండో సగంలో ఆ వెటకారం చేసినోళ్ళే కుర్చీల్లోంచి లేచిపోయారు, ఎందుకంటే మొదట దేన్ని చూసి ఎగతాళి చేశారో దాని వెనకాల ఎవడెంత చచ్చాడో చూపిస్తాడు. ఒంటరిగా చూస్తే ఎగతాళి చేసేవాడే ఉండడు కదా, ఇంక సిగ్గుపడేవాడు ఎక్కణ్ణుంచొస్తాడు? ఆ సినిమాకి జనం కావాలి.

రెండో_ఆట:
ఇది ఒప్పుకుంటా. కానీ అక్కడ డైరెక్టర్ జనం నవ్వుకి లెక్క తేలుస్తాడు బ్రో, రెండో సగంలో వడ్డీతో సహా వసూలు చేస్తాడు. హౌసులో అలా వసూలు చేసే సీను లేదు. చివరికొచ్చేసరికి రక్తం వరదలో ఇల్లు మునుగుతుంది, అమ్మాయి కిమోనోలో ప్రశాంతంగా కూర్చుంటుంది, ప్రేమ గురించి నాలుగు మాటలు వినపడతాయి. అంతే. నవ్వినోడు నవ్వుతూనే బయటికి పోవచ్చు, ఎవడూ ఆపడు.

ఎక్స్‌రోడ్స్_పోరడు:
పోనీ తియ్ అన్నా. ఒక్కటి చెప్పు, స్క్రీన్ పెద్దగ ఉంటే సినిమా వేరే అనిపించిందా లేదా? జనాన్ని పక్కన పెట్టు. నాకు ఇక్కడ గీ సినిమా పెద్ద తెర మీద ఎప్పుడు దొరకాలె, ఎవడేస్తడు.

రెండో_ఆట:
అనిపించింది. మొదట కొంచెం నిరాశ, ఎందుకంటే అది దాదాపు చదరపు ఫ్రేము, తెరకి రెండు పక్కలా నల్లగా వదిలేశారు. కానీ పియానో సీను ఉంది చూడు. మెలొడీ అని సంగీతం పిచ్చి ఉన్న పిల్ల వాయిస్తుంటుంది, ముందు వేళ్ళు పోతాయి, తర్వాత మొత్తం పిల్లే పోతుంది, తెగిన వేళ్ళు మాత్రం పియానో మీటల మీద ఇంకా వాయిస్తుంటాయి. లాప్‌టాప్‌లో నేను ఆ వేళ్ళే చూశా. తెర మీద చూస్తే పక్కన మూలకి ఒక అస్థిపంజరం డాన్స్ చేస్తుంటుంది! రెండుసార్లు చూసి కూడా దాన్ని గమనించలేదు నేను. ఆ సీనుకి నేను కూడా నవ్వా, గట్టిగా, నా పక్కనోడికంటే ముందు. అది కూడా రాయాలి కదా, న్యాయంగా.

ఆ పాట మాత్రం రెండ్రోజులైనా వదల్లేదు, గిన్నెలు తోముతూ కూనిరాగం తీస్తుంటే మా ఆవిడ ఏంటా పిచ్చి పాట అంది. చెప్పా. ఇల్లు మనుషుల్ని తింటుందా, మన ఇంటి లోను కూడా అంతేగా అంది.

నైట్‌షిఫ్ట్:
సినిమాకి ఇంతకంటే మంచి రివ్యూ లేదు.

కాకినాడ_కాజా:
ఒబయాషి గారి చివరి సినిమా ‘లాబిరింత్ ఆఫ్ సినిమా’ దొరికితే చూడండి. ఒనోమిచిలో మూసేస్తున్న థియేటర్, ఆఖరి రాత్రి, వరసగా యుద్ధం సినిమాలు వేస్తుంటారు, చూట్టానికొచ్చిన ముగ్గురు కుర్రాళ్ళు తెరలోకి వెళ్ళిపోతారు. ఊరికే నవ్వుకుందామని వచ్చినవాళ్ళు యుద్ధం మధ్యలో పడతారన్నమాట. ఆయన 2020 ఏప్రిల్‌లో పోయారు. ఆ సినిమా చూశాక నాకనిపించిందండి, ఈయనకి నవ్వే జనం మీద కోపం లేదు, వాళ్ళని లోపలికి లాగేయాలనే ఆశ ఉంది.

రెండో_ఆట:
వెతుకుతానండి, థాంక్స్. హౌసు శనివారం ఇంకో ఆట ఉందంట, మా ఆవిడ కూడా వస్తానంటోంది. ఈసారి ఆ మైకాయన మాట్లాడటం అయ్యాకే లోపలికి వెళ్తాం, వెళ్ళి మొదటి వరసలో కూర్చుంటాం, వెనకాల ఎవడు నవ్వినా మొహం కనపడకుండా.

ఎక్స్‌రోడ్స్_పోరడు:
మొదటి వరసనా? సబ్‌టైటిల్స్ చదివి చదివి మెడ పట్టేస్తది అన్నా. జండూబామ్ పట్టుకపో.